తేదీలమ్మకు ఉద్యోగం వచ్చినట్టే

ఇల్లు కట్టే మేస్త్రీని అడగండి, బట్టలు కుట్టే దర్జీని అడగండి, హోంవర్కు సంగతి మీ ఇంట్లో పిల్లల్నే అడగండి. ఒక్కరూ 'అయిపోయింది' అనరు. 'అయిపోయినట్టే' అంటారు. అందులో అబద్ధం లేదు, అలాగని నిజమూ లేదు. చివర ఉన్న ఆ 'నట్టే' అనే రెండక్షరాల తోక చూడ్డానికి చిన్నదే గానీ, దాన్ని పట్టుకుని ఏరు ఈదబోయి మునిగినవాళ్ళు ఎందరో లెక్క లేదు.

ఆ తోక ఎక్కడ కనబడినా పట్టి లాగే మనిషి ఒకావిడ ఉంది. కంప్యూటర్ కంపెనీల్లో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. మొదట్లో ఆవిడ వీపు వెనక 'తేదీలమ్మ' అనేవాళ్ళు. అది ఆవిడ చెవిన పడి, నవ్వి ఊరుకోవడంతో ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆవిడది ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగం. అంటే తాను ఒక్క లైను కోడు రాయకుండా, రాసేవాళ్ళ చేత రాయించి, చెప్పిన వస్తువుని చెప్పిన రోజుకి కొన్నవాడి చేతిలో పెట్టించే పని. ఆవిడ అత్తగారు దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పేది: "మా కోడలు పని చెయ్యదు, చేయిస్తుంది." అందులో మెప్పెంతో దెప్పెంతో ఇన్నేళ్ళయినా తేలలేదు.

తేదీలమ్మ దగ్గర ఒక కొలత ఉంది. 'అయింది' అన్నవాడు అడిగితే చూపిస్తాడు. 'అయిపోయినట్టే' అంటే ఇంకో వారమైనా పడుతుంది. 'అవుతోంది' అంటే సగం కూడా దాటలేదు. 'అవుతుంది' అంటే ఇంకా మొదలుపెట్టలేదు. 'చూద్దాం' అంటే మొదలుపెట్టే ఉద్దేశమే లేదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే ఇది చెప్పి, "నట్టే అన్న ప్రతివాడూ చివరికి నన్ను నట్టేటే ముంచాడు, మీరైనా కనికరించండి" అనేది. పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వుతూనే జాగ్రత్తపడేవాళ్ళు.

ఈ తెలివి ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. పదిహేనేళ్ళ కిందట ఒక బస్సు డిపోకి టికెట్లు కొట్టే చిన్న మిషన్లు అమర్చే పని నెత్తికెత్తుకుంది. ప్రారంభానికి మూడు రోజుల ముందు డిపో గుమాస్తా ఫోన్ చేసి, పాత టికెట్ పుస్తకాలు ఇక పారేయొచ్చా అని అడిగాడు. "అయిపోయినట్టేనండీ, పారేయండి" అంది. ప్రారంభం రోజు పొద్దున ఐదున్నరకి మిషన్లన్నీ టికెట్లకి బదులు తెల్ల కాగితం కక్కాయి. జనం అరుపులు. బస్సులు కదల్లేదు. గుమాస్తా కాగితాలు చింపి, ముద్రలు గుద్ది, చేత్తో టికెట్లు రాస్తూ కూర్చున్నాడు. ఆవిడా పక్కన కూర్చుని రాసింది. మధ్యాహ్నానికి ఆయన బొటనవేలు వాచిపోయింది.

"అయిపోయిందన్నారుగా అమ్మా" అన్నాడాయన. గొంతులో కోపం కూడా లేదు.

"అయిపోయినట్టే అన్నానండీ."

ఆయన ఇంకో టికెట్ మీద ముద్ర గుద్ది, "ఆ తేడా మాకు తెలీదమ్మా" అన్నాడు.

అంతకంటే పెద్ద చీవాట్లు ఆవిడ జీవితంలో తినలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా, ఆ ఆకుల్ని మళ్ళీ వదల్లేదు.

అంత చేయి తిరిగిన మనిషికి పదకొండు నెలలుగా ఉద్యోగం లేదు. ఆవిడ పనిచేసే కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనుక్కుంది. కొన్నవాళ్ళకి వాళ్ళ మేనేజర్లు వాళ్ళకున్నారు. తొమ్మిది ఇంటర్వ్యూలకి వెళ్ళింది. నలభై ఏడేళ్ళ మనిషిని చూసి అందరూ మర్యాదగానే, "మీ అనుభవం మాకు చాలా ఎక్కువండీ" అన్నారు. కూరలో ఉప్పెక్కువైందన్నట్టు.

భర్త ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగి. ఆవిడ జీతం ఆగిన నెలే ఆయన సాయంత్రాలు ఒక క్లినిక్కులో కూడా చేరాడు. పొద్దున ఏడు నుంచి మూడు దాకా ఒకచోట, నాలుగు నుంచి ఎనిమిది దాకా ఇంకోచోట. కిరణాలు తగలకుండా వేసుకునే బరువైన సీసం కోటు రెండుచోట్లా మొయ్యాల్సిందే. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే ఆవిడకి పెద్ద శిక్షగా ఉండేది.

ఇలా ఉండగా ఒక బుధవారం పాత సహోద్యోగి ఒకతను చెప్పి పెడితే, ఓ చిన్న కంపెనీ యజమాని ఫోన్ చేశాడు. గంటసేపు మాట్లాడాడు. ఆసుపత్రి ల్యాబుల్లో రక్త పరీక్షల ఫలితాలు నేరుగా వార్డులకి చేరవేసే ప్రోగ్రాం తయారు చేస్తున్నాడు. ఏడాదిలో ఇద్దరు ప్రాజెక్ట్ మేనేజర్లు వెళ్ళిపోయారు. చివర్లో, "మాకు కావాల్సింది మీలాంటివాళ్ళే మేడం. సోమవారం వచ్చి అందర్నీ ఒకసారి కలవండి, మిగతాదంతా ఫార్మాలిటీ" అన్నాడు.

ఆవిడ ఫోన్ పెట్టేసింది. సోఫాలో ఉతికిన బట్టలు మడతపెడుతూ అత్తగారు, "ఏమైందమ్మా?" అంది.

"వచ్చినట్టే అత్తయ్యా!"

ఇరవై రెండేళ్ళు లోకానికి వాత పెట్టిన నోరు అది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. అందులోనూ అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా పై వాటా వాళ్ళకీ, పాల దుకాణానికీ, ఆడపడుచు ఇంటికీ కబురు చేరిపోయింది. ఆడపడుచు ఫోన్ చేసి కొత్త ఆఫీసుకి ఏ బస్సు దగ్గరో కూడా చెప్పింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నది ఇలాంటప్పుడు పుట్టిన సామెతే.

మర్నాడు గురువారం. నాలుగు గంటలకి క్లినిక్కులో ఉండాల్సిన భర్త ఇంట్లో కనబడ్డాడు.

"ఇవాళ్టినుంచి సాయంత్రాలు వెళ్ళట్లేదు. మానేశా" అన్నాడు, కుర్చీలో నెమ్మదిగా కూర్చుంటూ.

తన ఒక్క మాట పట్టుకుని మనిషి ఉన్న ఆధారం వదులుకుని వచ్చేశాడు. ఇప్పుడు ఈ ఉద్యోగం వస్తే బాగుంటుందని కాదు, రాక తప్పదు.

సోమవారం రెండో తేదీ. ఆఫీసు ఒక చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తు. మెట్లెక్కేదాకా కొత్త తోలు వాసన వెంటే వచ్చింది. యజమానికి ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి. చొక్కా చేతులు పైకి మడిచి, చేతిలో కాఫీతో ఎదురొచ్చాడు. మనిషి మంచివాడని చూడగానే తెలుస్తుంది. కాకపోతే మంచివాళ్ళ తొందర చెడ్డవాళ్ళ తొందర కంటే ప్రమాదం, ఎందుకంటే కాదనడానికి మనకి మనసొప్పదు.

గోడ మీద పెద్ద తెర. అందులో పనుల జాబితా, ప్రతి పని పక్కనా ఒక రంగు గడి. అన్నీ పచ్చవే, అంటే ఏ పనికీ ఇబ్బంది లేనట్టు. వెళ్ళిపోయిన రెండో మేనేజరు పెట్టించి వెళ్ళాడట. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఈ ఆఫీసుకి ఏ కామెర్లొచ్చాయోగానీ గోడంతా పచ్చగానే ఉంది.

యజమాని తలుపేసి అసలు సంగతి చెప్పాడు. "మేడం, ఈ నెల ఇరవై ఒకటిన ఆసుపత్రిలో మొదలుపెడతామని చెప్పేశాను. ఇలా తేదీ చెప్పడం ఇది నాలుగోసారి. ఇదీ తప్పితే వాళ్ళు వేరే కంపెనీ చూసుకుంటారు. అప్పుడు ఇక్కడ సగంమందిని ఇంటికి పంపాలి. చేయించగలరా?"

"మధ్యాహ్నం దాకా మీవాళ్ళతో కూర్చోనివ్వండి. అప్పుడు చెప్తాను."

ఆవిడ ఒక నోటుపుస్తకం తీసుకుని బల్ల బల్లకీ వెళ్ళింది. ఎవరినీ ఎంత శాతం అయిందని అడగలేదు. శాతాలు ఎవరైనా చెప్తారు. ఏం చేస్తున్నారు, ఎక్కడిదాకా వచ్చింది, అంతే అడిగింది. వాళ్ళు చెప్పిన మాటని చెప్పినట్టే, తోకతో సహా రాసుకుంది. ఒకమ్మాయి, "అయిపోయిందండీ, జస్ట్ టెస్టింగే" అంది. ఆ 'జస్ట్' కూడా రాసుకుంది. ఇంకొకతను, "నా వైపునుంచి అయిపోయింది" అన్నాడు. ఎవరి వైపునుంచి కాలేదో కనుక్కోవడానికి ఆవిడ మూడు బల్లలు తిరగాల్సొచ్చింది. ఆ మూడో బల్ల మనిషి, "అది నాదని నాకు ఎవరూ చెప్పలేదే!" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు.

చివరి బల్ల కిటికీ పక్కన. అక్కడుండే అతన్ని అందరూ 'గడ్డం' అంటారు. కంపెనీ మొదలైన రోజునుంచీ ఉన్నవాడు, అందరికంటే తెలివైనవాడు, అందరికంటే తక్కువ మాట్లాడేవాడు.

"అయిపోయినట్టే" అన్నాడు తల తిప్పకుండా.

"చూపిస్తారా?"

చూపించాడు. రక్తం గొట్టం మీద లేబుల్‌ని మిషన్ చదివింది, ఫలితం క్షణంలో వార్డు తెర మీద కనబడింది. బ్రహ్మాండంగా ఉంది.

"మరి మిగిలిందేంటి?"

"ఏం లేదు. చిన్నది."

"చిన్నదైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చుగా."

గడ్డం కుర్చీ ఆవిడ వైపు తిప్పాడు. చెవుల మీద హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి చెప్పాడు. లేబుల్ చిరిగిపోతే మిషన్ చదవలేదు. అప్పుడు ప్రోగ్రాం పేరునీ వయసునీ చూసి మనిషిని వెతుకుతుంది. ఒకే పేరు, ఒకే వయసు ఉన్నవాళ్ళు ఇద్దరు ఒకేరోజు ఆసుపత్రిలో ఉంటే, ఒకరి ఫలితం ఇంకొకరికి వెళ్ళచ్చు.

ఆవిడ నోటుపుస్తకం మూసింది. "ఎన్నాళ్ళయింది ఇది తెలిసి?"

"రెండు నెలలు. అబద్ధం చెప్పలేదండీ. రోజూ ఇవాళ అయిపోతుందనుకునే చెప్పాను. ఇప్పుడు కాలేదంటే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు."

అతని మీద కోప్పడాలని ఆవిడ నోరు తెరిచింది. కానీ గుమాస్తా వేలు గుర్తొచ్చి ఊరుకుంది. "నేనూ ఒకప్పుడు ఇలాగే చెప్పి ఒక పెద్దాయన చేత ఎనిమిది గంటలు టికెట్లు రాయించాను. ఇది రక్తం కదా బాబూ. మీ సారుకి మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"నేనే చెప్తాను."

"ఎప్పుడు?"

"చూద్దాం..."

"చూద్దాం అనేది ఏ వారం?"

గడ్డం మొదటిసారి నవ్వాడు. "గురువారం" అన్నాడు.

మధ్యాహ్నం యజమాని గదిలో ఆవిడ నోటుపుస్తకం తెరిచింది. "మొత్తం ఇరవై మూడు పనులున్నాయండీ. అయినవి నాలుగు. అయిపోయినట్టే అన్నవి తొమ్మిది. అవుతున్నవి ఆరు. అవుతాయన్నవి మూడు. ఒకదానికి అసలు సొంతదారే లేడు. వీటిలో ఒకటి, ఒక రోగి ఫలితం ఇంకో రోగికి పంపించేటంత ప్రమాదమైంది. అది చేస్తున్న మనిషి గురువారంలోపు మీకు చెప్తానన్నాడు. చెప్పకపోతే నేనే ఫోన్ చేసి చెప్తాను. ఉద్యోగం ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే."

యజమాని ముఖం మాడిపోయింది. "గోడ మీద అన్నీ పచ్చగా ఉన్నాయి కదండీ!"

"గోడకేం, ఏ రంగు వేస్తే ఆ రంగు."

"సరే, ఇరవై ఒకటికి కుదురుతుందా, కుదరదా?"

ఇదిగో, ఇక్కడే. 'చేయిస్తాను' అన్న ఒక్క మాట చాలు. అతను ఆ మాట కోసమే కూర్చున్నాడు. రేపటినుంచి ఈ మెట్లెక్కి రావచ్చు, అత్తగారు పాల దుకాణంలో తలెత్తుకు తిరగచ్చు, భర్త మళ్ళీ ఆ సీసం కోటు రెండోసారి వేసుకోనక్కర్లేదు. ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. భయం కూడా వేసింది, తనంటే తనకే.

"కుదరదండీ" అంది.

"మరి ఎప్పటికి?"

"ఒక్క పూటలో చెప్తే అదీ మీ నాలుగు తేదీలకి తమ్ముడే అవుతుంది. వారం కూర్చుంటే నిలబడే తేదీ చెప్పగలను."

"పేరేమో తేదీలమ్మ అని చెప్పారు. ఒక్క తేదీ చెప్పలేరా?" అన్నాడు. అని, వెంటనే నొచ్చుకున్నాడు. "సారీ మేడం. నేను ఆలోచించుకుని ఫోన్ చేస్తాను."

ఆ మాట ఆవిడ అప్పటికి తొమ్మిదిసార్లు విని ఉంది.

ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అత్తగారు అడ్డు తగలకుండా చివరిదాకా వింది. అది ఆ ఇంట్లో వింతే.

"మరి వచ్చినట్టే అన్నావుగా?"

"అన్నాను అత్తయ్యా. అనకూడదు. తప్పయిపోయింది."

"ఆ కుర్రాడు అడిగినప్పుడు ఊఁ అనేస్తే ఏం పోయేది? తర్వాత సంగతి తర్వాత."

"ఊఁ అనేస్తే ఎవరికో వాళ్ళది కాని రిపోర్టు వెళ్ళేదమ్మా" అన్నాడు భర్త, కుర్చీలోంచే. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "మంచి పని చేశావు. ఇది కాకపోతే ఇంకోటి" అన్నాడు.

ఆ మంచితనానికి ఆవిడకి ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది. మంగళవారం ఫోన్ రాలేదు. బుధవారం ఆడపడుచు ఫోన్ వచ్చింది, చేరావా అని. చేరలేదని ఆవిడ చెప్పబోయింది. ఫోన్ అత్తగారు లాక్కుని, "తనే ఆలోచించుకుంటోందిలే, అందరికీ అన్నీ కావాలి మీకు!" అని కూతుర్ని కసిరి పెట్టేసింది. కోడలు ఆశ్చర్యంగా చూస్తే, "ఏం, నాకు మాత్రం పరువు లేదా?" అంది.

గురువారం పదకొండు గంటలకి యజమాని ఫోన్.

"గడ్డం పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు మేడం. వాడు నాతో అంతసేపు మాట్లాడ్డం ఏడేళ్ళలో ఇదే మొదటిసారి" అన్నాడు. "ఇవాళ మూడింటికి ఆసుపత్రికి వెళ్ళి చెప్పాలనుకుంటున్నా. మీరూ వస్తారా? మీరు మాట్లాడితే వింటారేమో."

"వస్తాను. కానీ మాట్లాడేది మీరే. తేదీ ఇచ్చిన నోరే వెనక్కి తీసుకోవాలి. నేను పక్కన కూర్చుంటాను."

అత్తగారు అన్నీ వింటూనే ఉంది. "నిశ్చితార్థమే కాలేదు, అప్పుడే కాపురానికి రమ్మంటున్నాడా?" అంది. అంటూనే లోపలికెళ్ళి ఇస్త్రీ చేసిన చీర తెచ్చి మంచం మీద పెట్టింది.

ల్యాబు ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉంది. ఒకపక్క వరసలుగా రక్తం గొట్టాలు, ఇంకోపక్క గిర్రున తిరుగుతున్న మిషన్ల హోరు. ల్యాబు పెద్ద సన్నగా పొడుగ్గా ఉన్న ఆవిడ. కళ్ళజోడు దారంతో మెడకి వేలాడుతోంది. కూర్చోమని కూడా అనకుండా, "చెప్పండి. ఇరవై ఒకటేనా?" అంది.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "అంటే మేడం, దాదాపుగా మావాళ్ళు..." అని తేదీలమ్మ వైపు చూశాడు. ఆవిడ బల్ల మీదున్న పెన్నులు చూస్తూ ఉండిపోయింది. సాయం చెయ్యాలని ప్రాణం కొట్టుకుంది గానీ చెయ్యలేదు.

"కాలేదండీ" అన్నాడతను. "ఇరవై ఒకటికి అవదు. నేను చెప్పకూడని తేదీ చెప్పాను."

ల్యాబు పెద్ద కళ్ళజోడు పెట్టుకుని అతన్ని తేరిపార చూసింది. తర్వాత బల్ల సొరుగు లాగింది. లోపల కొత్త రిజిస్టర్లు, అట్టలు వేసినవి, ఆరు. "మూడుసార్లు మీ మాట నమ్మాను. నాలుగోసారి నమ్మలేదు, చేత్తో రాసుకోడానికి ఇవి కొనిపించాను. ఇంకో మూడు నెలలకి సరిపోతాయి."

యజమాని తల దించుకున్నాడు. తేదీలమ్మకి మాత్రం నవ్వాగలేదు. అది చూసి ల్యాబు పెద్ద కూడా పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది.

"ఇంతకీ కానిదేంటి?"

అతను చిరిగిన లేబుళ్ళ సంగతి చెప్పాడు. దాచుకోకుండా అంతా చెప్పాడు. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. లేచి వెళ్ళి ఫ్రిజ్జు లోంచి ఒక గొట్టం తెచ్చి చూపించింది. తడికి లేబుల్ సగం ఊడి వేలాడుతోంది. "వారానికి ఇలాంటివి మూడైనా వస్తాయి. అందుకే మూత మీద కూడా పెన్నుతో వార్డు నంబరూ మంచం నంబరూ వేయిస్తాను. మీవాళ్ళు ఒక్కరోజు వచ్చి ఇక్కడ నిలబడుంటే తెలిసేది. ఎవరు పట్టుకున్నారు దీన్ని?"

"మావాడికే తెలుసండీ. రెండు నెలలుగా చెప్పలేకపోయాడు. ఈవిడ అడిగితే చెప్పాడు."

"ఏమని అడిగావమ్మా?"

"మిగిలిందేంటి అని అడిగానండీ, అంతే."

ల్యాబు పెద్ద గొట్టాన్ని మళ్ళీ ఫ్రిజ్జులో పెట్టింది. "వేరే కంపెనీవాళ్ళు సోమవారం వస్తామన్నారు. వాళ్ళూ వచ్చి ఇరవై ఒకటి అనే అంటారు, నాకు తెలుసు. వాళ్ళని ఆపుతాను. మీరు వారంలో ఒక తేదీ తీసుకురండి. తెచ్చేటప్పుడు ఈవిణ్ణి కూడా వెంటబెట్టుకు రండి."

బయట ఎండలోకి వచ్చాక యజమాని గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. వీపు మీంచి మూట దించినవాడిలా ఉన్నాడు. "ఉద్యోగం మీదే అనుకోండి మేడం" అన్నాడు.

"అనుకోనండీ. కాగితం పంపండి."

అతను నడిరోడ్డు మీద పగలబడి నవ్వాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆవిడ బస్సులో ఉండగానే ఫోన్లో ఉత్తరం వచ్చింది. చేరాల్సిన తేదీ, జీతం, సంతకం, అన్నీ ఉన్నాయి. రెండుసార్లు చదివింది. పక్కసీటావిడ అడక్కపోయినా, "ఉద్యోగమొచ్చిందండీ" అని చెప్పేసింది.

ఇంటికొచ్చేసరికి ఐదున్నర. ఆవిడ చెప్పీ చెప్పకముందే అత్తగారు చెప్పులేసుకుంది. "పాలు తెస్తాను" అని బయల్దేరింది. పాలు పొద్దున్నే వచ్చి ఉన్నాయి.

భర్త కుర్చీలో కూర్చుని ఉత్తరం మొత్తం, కింద చిన్నక్షరాలతో సహా చదివాడు. ఆయన కళ్ళు తడిశాయి.

"మీకు క్షమాపణ చెప్పాలి" అంది ఆవిడ. "ఈ వారమంతా నాకు మనశ్శాంతి లేదు. నేనేదో నోరు జారితే, అది నమ్మి మీరు క్లినిక్కు మానేసి వచ్చేశారు. ఇది రాకపోయుంటే మీ ముఖం ఎలా చూసేదాన్నో."

ఆయన ఉత్తరం లోంచి తలెత్తాడు. "నీ మాట నమ్మి కాదు. క్లినిక్కులో చెప్పింది మంగళవారం. నీకు ఫోనొచ్చింది బుధవారం కదా."

ఆవిడ లెక్క చూసుకుంది. నిజమే. ఊరందరి తేదీలూ సరిచూసే మనిషి ఇంట్లో తేదీ సరిచూసుకోలేదు.

"మరి ఎందుకు మానేశారు?"

"ఊరికే. నడుం కాస్త..."

"ఎలా ఉంది నడుం?"

"పర్లేదు."

ఎన్నిసార్లు విందో ఆ మాట. పదకొండు నెలలుగా రోజూ ఎనిమిదిన్నరకి, చెప్పులు విప్పుతూ, గోడ పట్టుకుని, 'పర్లేదు'. ఆఫీసుల్లో ఎవరే మాటన్నా తోకతో సహా రాసుకునే మనిషి, ఈ మాట మాత్రం విన్నది విన్నట్టు నమ్మింది. నమ్మితే తనకి హాయిగా ఉండేది కాబట్టి నమ్మింది. ఊరందరి వెన్నెముకలకీ ఫొటోలు తీసే మనిషి, తనది ఒక్కసారైనా తీయించుకున్నాడో లేదో కూడా ఆవిడకి తెలీదు. సిగ్గేసింది, ఆయన మీద ఇన్నేళ్ళలో ఎప్పుడూ రానంత ప్రేమా వచ్చింది.

ఇంకో కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"అసలు సంగతి చెప్పండి" అంది. "నాకేం తొందర లేదు."

ఆయన ఫోన్ ఆవిడకి తిరిగిచ్చాడు. తర్వాత ఎడమకాలి మడమ దగ్గర తిమ్మిరెక్కడం ఎప్పుడు మొదలైందో చెప్పడం మొదలుపెట్టాడు.